బ్యూలా ఎడారి మొక్కలు, క్లారా చెంబు

మా ఎదురింటి బ్యూలా మొక్కలను పగ పోసి పెంచింది. నీళ్లు పోయలేదు, ఎరువు వేయలేదు. పొద్దున డ్యూటీకి పోయేముందు ఒక తిట్టు, వచ్చాక ఇంకో తిట్టు. ఆ తిట్లకే విత్తనాలు పగిలి మొలకలొచ్చాయి. ఆ తిట్లే తాగి వాటి మొదళ్లు దుంపల్లా ఊరాయి.

సరే, కొంచెం నీళ్లు కూడా పోసింది. చిన్నప్పుడు కాన్వెంట్‌లో అబద్ధమాడిన వాణ్ణి గంట కొట్టేదాకా మోకాళ్ల మీద నిలబెట్టేవారు. ఈ వయసులో కూడా పెద్ద మాట ఒకటి అనగానే నా మోకాళ్లు సలుపుతాయి. అందుకని సగం వెనక్కి తీసుకుంటున్నాను. నీళ్లు పోసింది, సిరంజితో, చుక్క చుక్కగా, కోపంగా. మిగతా సగం మాత్రం వెనక్కి తీసుకోను. ఆ మొక్కలు బతికింది పగ వల్లనే. రాజీ కుదరగానే చావడం మొదలుపెట్టాయి.

బ్యూలా మంచిదని ఎవరూ అనుకోకూడదు కాబట్టి ముందే చెబుతున్నాను. సుల్తాన్‌పూర్‌లో సెలైన్ గొట్టాలు, సిరంజిలు తయారుచేసే ఒక కంపెనీలో ఆమె ప్యాకింగ్ లైన్ మీద పనిచేస్తుంది. కంపెనీ బస్సులో డ్రైవర్ వెనక సీటు ఆమెది. కొత్తగా చేరిన బిహారీ పిల్ల ఒకతి తెలియక అందులో కూర్చుంటే, బ్యూలా పటాన్‌చెరు నుంచి సుల్తాన్‌పూర్ దాకా ఆ పిల్ల నెత్తిమీద నిలబడి ప్రయాణం చేసిందట, ఒక్క మాట అనకుండా. ఆ పిల్ల మరునాటి నుంచి ఆటోలో పోయింది. పాలవాడు ఆమె గేటు ముందు హారన్ కొట్టడు. నేను ఆమెకు వరసకు చిన్నాయనను, నన్ను కూడా వదల్లేదు. నా కళ్లద్దాలు మారిన రోజున, "గిప్పుడన్న మందిండ్లలకు మంచిగ కనిపిస్తదా చిన్నాయన?" అని అడిగింది.

బాగానే కనిపించింది. అందుకే ఈ కథ.

వాళ్లది రెండంతస్తుల ఇల్లు. కింద బ్యూలా, ఆమె భర్త ప్రభాకర్. పైన ప్రభాకర్ అన్న బిల్లీ, అతని భార్య క్లారా, వాళ్ల ఒక్క కూతురికి పెళ్లయిపోయింది. క్లారా బ్యూలాకు ఏరాలు, అంటే తోటికోడలు. ఇద్దరూ ఒకే చర్చికి పోతారు, ఒకే కొళాయి నీళ్లు తాగుతారు. మేడ మీది డాబా మాత్రం ఇద్దరిదీ. తగాదా పడటానికి అంతకంటే వసతి ఏం కావాలి?

బ్యూలా తిట్టకుండా ఉన్నది ప్రపంచంలో ఒక్కదాన్నే, గుమ్మం పక్కన కుండీలో ఉన్న అడీనియం మొక్కను. ఎడారి గులాబి అంటారు. మొదలు లావుగా, కాళ్లు ముడుచుకుని కూర్చున్న మనిషిలా ఉంటుంది. లైన్ మీద పనిచేసే ఒడిశా ఆపరేటర్ ఒకడు ఊరికి వెళ్లిపోతూ గది ముందు వదిలేసిన మొక్క అది. బ్యూలా దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఎండాకాలం పూస్తే ఆ పువ్వులు నల్లగా కనబడేంత ముదురు ఎరుపు. అలాంటి రంగు సంగారెడ్డి నర్సరీల్లో ఎక్కడా లేదని ఆమె అనేది. ఎవరూ కాదనలేదు, కాదంటే ఏమవుతుందో తెలుసు కనుక.

ఆ పువ్వుల్లోకి తేనెటీగలు సరిగా దూరలేవు. బ్యూలా చీపురు పుల్లను సన్నగా చీల్చి, ఒక పువ్వులోని పుప్పొడి తీసి ఇంకో పువ్వులో పెట్టేది. చాలాసార్లు ఏమీ జరగలేదు. ఒక్కసారి మేక కొమ్ముల్లా జంట కాయ పడింది. కాయ పండితే టప్పున పగిలి విత్తనాలు గాల్లో తేలిపోతాయి. ఒక్కో విత్తనానికి రెండు చివరలా పత్తిలాంటి కుచ్చు ఉంటుంది. అందుకని ఆమె ఆ కాయకు గాజుగుడ్డ చుట్టి, దారంతో కట్టింది. చేయి విరిగినవాడికి కట్టు కట్టినట్టు ఉండేది చూడటానికి.

ఆ ఎండాకాలంలోనే క్లారా పైన ఏసీ పెట్టించింది. ఏసీ నీళ్ల గొట్టం పైనుంచి దిగి సరిగ్గా ఆ కుండీ మీద ఆగింది. రాత్రీ పగలూ చుక్కలు పడ్డాయి. బ్యూలా రెండుసార్లు చెప్పింది. క్లారా రెండుసార్లు "ఎండకాలం గదా, మొక్కకు సల్లగుంటది" అంది. ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే అలా అనుకుంది. నా అభిప్రాయంలో వెటకారమే నయం.

ఒకనాడు బ్యూలా డ్యూటీ నుంచి వచ్చి మొక్క మొదలును వేలితో నొక్కితే, వేలు లోపలికి దిగిపోయింది, కుళ్లిన బొప్పాయిలోకి దిగినట్టు. వేలు చీర కొంగుకు తుడుచుకుని, కట్టు విప్పకుండానే కాయను కోసింది. అప్పటికి అది ముదురు గోధుమ రంగుకు తిరిగింది. తర్వాత వీధిలోకి వచ్చి నిలబడి, పైకి చూస్తూ క్లారాను తిట్టింది. క్లారాను, ఏసీని, ఏసీ పెట్టినవాణ్ణి, క్లారా పుట్టింటి చల్లదనాన్ని. మా వీధిలో కుక్కలు కూడా పక్క వీధికి పోయాయి. కుక్కల మాట కొంచెం ఎక్కువ చెప్పాను. ఒక కుక్క పోయింది.

తెల్లవారి ఆమె డాబా మధ్యలో ఇటుకలు వరసగా పేర్చింది. నీళ్ల ట్యాంకు వైపు క్లారాది, వీధి వైపు తనది. ఇటుకలు చూసి క్లారా బైబిలు మీద చేయి వేసి, ఈ గీత దాటి తన కాలు పడదని ఒట్టు పెట్టుకుంది. అన్నదమ్ములిద్దరూ అప్పటి నుంచి ఇంట్లో మాట్లాడుకోవడం మానేసి, జాతీయ రహదారి పక్కన టీ కొట్టు వెనక దొంగసరుకు పంచుకునేవాళ్లలా కలుసుకునేవారు.

ఇక మొక్కల సంగతి. తల్లిమొక్క పోయింది కాబట్టి ఆ కాయలో ఉన్నదే మిగిలింది. ఆ రంగు మళ్లీ చూడాలంటే అదొక్కటే దారి. విత్తనం నుంచి వచ్చిన మొక్క తల్లి రంగే పూస్తుందన్న నమ్మకం లేదని ఆమెకూ తెలుసు. అయినా ఇంకో దారి లేదు.

మందులు వచ్చే థర్మాకోల్ డబ్బా ఒకటి తెచ్చి, స్టౌ మీద కాల్చిన స్క్రూడ్రైవర్‌తో అడుగున చిల్లులు పొడిచింది. కొబ్బరిపీచు పొడి, జల్లెడ పట్టిన ముతక ఇసుక, నలగ్గొట్టిన ఇటుక ముక్కలు కలిపి నింపింది. విత్తనాల కుచ్చులు గిల్లి, జీలకర్రలా ఉన్న వాటిని అడ్డంగా పడుకోబెట్టి, పైన ఇసుక పలచగా చల్లింది. పారదర్శకంగా ఉండే మిఠాయి డబ్బా మూత ఒకటి బోర్లించింది. ఇదంతా డాబా మీద నా కళ్లెదుటే. వంట కూడా ఆమె అంత శ్రద్ధగా చేయదు, ప్రభాకర్ చెప్పాడు.

వారం తిరగకముందే మొలకలు వచ్చాయి. మొలకలు రాగానే మూత తీసేసింది. లోపల తేమ నిలిస్తే బూజు పడుతుంది. ఒక మొలక నెత్తి మీద విత్తనం తొక్క టోపీలా ఇరుక్కుపోయి ఆకులు విప్పుకోలేకపోతుంటే, తడి దూది దాని మీద పెట్టి, నానాక గోటితో మెల్లగా లాగేసింది. లాగుతూ, "లెవ్వవే దొంగమొకమా, నీకోసం డ్యూటీకి లేటయితున్న" అంది. అది లేచింది. మొదట్లో నేను చెప్పిన మాట మీకిప్పుడు అంత అబద్ధంలా అనిపించకపోవచ్చు.

వానాకాలమంతా ప్లాస్టిక్ షీటు పందిరి. ఎండ తగలాలి గాని మాడకూడదని పాత దోమతెర. వేలు ఇసుకలో గుచ్చి చూసి, పూర్తిగా ఎండితేనే, రిజెక్ట్ అయిన పెద్ద సిరంజితో పక్క నుంచి నీళ్లు. మొలక మెడ మీద చుక్క పడకుండా. మొదళ్లు శనగగింజల్లా ఉబ్బాయి, తర్వాత వేరుశనగ కాయల్లా. ఆమె లేనప్పుడు వాటి దగ్గరికి ఎవరూ పోరు. క్లారాకు ఒట్టు ఉంది, ప్రభాకర్‌కు భయం ఉంది. క్లారా తన వైపు నిలబడి బట్టలారేస్తూ, నైట్ డ్యూటీ చేసి పడుకున్న బ్యూలాకు వినబడేలా కీర్తనలు పాడేది. బ్యూలా లేచి, సరిగ్గా క్లారా పడుకునే వేళకు మిక్సీ వేసేది. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు. మొక్కలూ ఆరోగ్యంగా ఉన్నాయి.

అప్పుడు క్రిస్మస్ వచ్చింది.

మా చర్చిలో పగతో ఉన్నవాళ్లు ప్రభువు బల్లకు రాకూడదు. రొట్టె, ద్రాక్షరసం తీసుకునేముందు సోదరులతో సమాధానపడాలి. సత్యరాజు అయ్యగారు కొత్తగా వచ్చిన పాస్టరు, యువకుడు, ఉత్సాహం ఎక్కువ. పాత అయ్యగారు ఇలాంటివి చూసీ చూడనట్టు పోయేవారు. ఈయన నేరుగా ఇంటికే వచ్చి, మెట్ల మీద ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టారు. బ్యూలా చాలా చెడ్డది కానీ, పదహారో ఏట బల్లలో చేరినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆ రొట్టెను మానలేదు. ప్రసవమైన వారంలో కూడా పిల్లను ప్రభాకర్‌కిచ్చి వచ్చి తీసుకుంది. అందుకని ఆమె చేయి చాపింది. క్లారా ఏడ్చేసింది, కౌగిలించుకుంది. అయ్యగారు ప్రార్థన చేశారు. ఇటుకలు తీసేశారు. నేను మా వరండాలో నిలబడి చప్పట్లు కొట్టాను. బ్యూలా నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

క్లారా మంచి మనిషి. ఆ ఇంట్లో పీడ అదే. తన ఏసీ వల్ల ఒక మొక్క చచ్చిందన్న బాధ ఆమెకు లోపల ఉండిపోయినట్టుంది. రాజీ అయిన మరునాడే, బ్యూలా కంపెనీ బస్సెక్కగానే, చెంబుతో డాబా ఎక్కింది. ఆ పసిమొక్కలకు చెంబెడు నీళ్లు పోసింది. పాట కూడా పాడింది. ఆ మరునాడూ పోసింది. అది డిసెంబరు. ఎడారి మొక్కలు చలికాలంలో నిద్రపోతాయి. నిద్రలో ఉన్నవాళ్ల నోట్లో నీళ్లు పోస్తే ఏమవుతుందో వాటికీ అదే అయింది. ముందు రెండు ఆకులు పసుపు పచ్చబడ్డాయి. తర్వాత ఒక మొలక మెడ దగ్గర మెత్తబడి పక్కకు ఒరిగింది.

బ్యూలా చెప్పింది. డాబా మీద, మంచి మాటలతో, పళ్లు బిగించి.

"అక్కా, నీళ్లు పొయ్యకు. గవి చలికాలం తాగయి."

"ఏం పోయిందమ్మా, నాకేం కష్టం? నువ్వు డ్యూటీల ఉంటవు, ఎవలు చూస్తరు వాటిని?"

"చూడకుంటెనే బతుకుతయి."

"నువ్వట్లనే అంటవు. నోరు లేనివి, దూప కాదా?"

క్లారా ఈ మాటలను వినయమని అర్థం చేసుకుంది. తోటికోడలికి శ్రమ ఇవ్వకూడదని బ్యూలా మొహమాటపడుతోందనుకుంది. జన్మలో ఎవరూ బ్యూలాలో మొహమాటం చూడలేదు, క్లారాకు కనబడింది. బ్యూలా డబ్బాకు మూత పెడితే, ఊపిరాడదని క్లారా తీసేది. కింద గదిలో దాచితే, ఎండ లేక మొక్కలు తెల్లగా పొడుగ్గా సాగడం మొదలైంది, మళ్లీ పైకి తేక తప్పలేదు. కుళ్లిన చోట కోసి దాల్చినచెక్క పొడి అద్దింది. అది చూసి క్లారా, మొక్కలకు మసాలా పెట్టే మనిషిని మొదటిసారి చూస్తున్నానని ఎంతో ముచ్చటపడి, ఆ పొడి కడుక్కుపోయేలా ఇంకో చెంబు పోసింది. డాబా తలుపుకు తాళం వేద్దామంటే, రాజీ అయిన ఇంట్లో తాళమేమిటని ప్రభాకర్ భయపడ్డాడు.

జనవరిలో స్త్రీల మైత్రి ప్రార్థన ఆ డాబా మీదే పెట్టారు, రాజీకి కృతజ్ఞతగా. షామియానా వేశారు, అయ్యగారికీ నాకూ కుర్చీలు వేశారు. మైత్రి అధ్యక్షురాలు మార్తమ్మ లావుపాటి మనిషి, లావుపాటి గొంతు. టీ తాగాక అందరూ గ్లాసుల్లో మిగిలిన మంచినీళ్లు ఎక్కడ పారబోయాలా అని చూస్తుంటే, "మన బ్యూలమ్మ మొక్కలున్నయి గద, దేవుని నీళ్లు వృథా చెయ్యకున్రి" అంది. ఒక్కొక్కరూ లేచి, తలా ఒక గ్లాసు ఆ థర్మాకోల్ డబ్బాలో పోశారు. ప్రేమగా పోశారు. కొందరు లోపల ప్రార్థించుకుంటూ పోశారు.

నేను బ్యూలా ముఖం చూస్తున్నాను. అందులో కోపం లేదు. అదే నాకు భయమేసింది. ఆమె డబ్బా వైపు చూసింది, క్లారా వైపు చూసింది, తర్వాత చాలాసేపు అయ్యగారి చేతిలోని బైబిలు వైపు చూసింది. బేరం లెక్క వేస్తున్న మనిషిలా ఉంది. ఇటు బల్ల, అటు డబ్బా.

సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలు లేచి చెప్పాలి. క్లారా లేచి, నా చెల్లెలు నాకు మళ్లీ దొరికిందని చెప్పి కన్నీళ్లు పెట్టుకుంది. అందరూ స్తోత్రం అన్నారు. తర్వాత బ్యూలా లేచింది. కొంగు సరిచేసుకుంది.

"దేవుడు నాకు నిజం చెప్పే ధైర్యం ఇచ్చిండు. స్తోత్రం" అంది. అందరూ స్తోత్రం అన్నారు.

"మా అక్క బిడ్డ పెండ్లిల బగార అన్నం అడుగంటింది. మాడిన వాసనొచ్చింది. అందరు తిన్నరు, ఒక్కరు అనలేదు. ఇంటికి పోయినంక అందరు అన్నరు. మార్తమ్మక్క సుత అన్నది. నాకైతే గా అన్నం ఇప్పటికి కడుపుల నుంచి దిగలే."

తెలంగాణలో పెళ్లి అన్నం గురించి ఆడపిల్ల తల్లిని నలుగురిలో అనకూడని మాట అది. బ్యూలా చెప్పుతో కొట్టినా క్లారా క్షమించేది. కొట్టిన చేతిని పట్టుకుని ప్రార్థన కూడా చేసేది. మార్తమ్మ గ్లాసు కింద పెట్టి, తను అనలేదని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది. క్లారా ముఖం మెల్లగా గట్టిపడింది. ఆ మంచితనమంతా ఎక్కడికి పోయిందో గాని, ఆ నిమిషంలో ఆమె బ్యూలాకు సొంత అక్కలా ఉంది.

"నువ్వు సచ్చినా నీ దిక్కు చూడ" అంది క్లారా. "నీ గీత అవతల నా కాలు పడదు. నా బిడ్డ మీద ఒట్టు."

"ఇటుకలు మెట్ల కింద ఉన్నయి" అంది బ్యూలా.

అయ్యగారు ఇద్దరి మధ్యకు వచ్చి ఏదో అనబోయారు. క్లారా ఆయన్ని దాటుకుని వెళ్లిపోయింది. షామియానావాళ్లు ఇంకా రాకముందే బ్యూలా చీర కుచ్చిళ్లు దోపుకుని ఇటుకలు పేర్చడం మొదలుపెట్టింది. తర్వాత డబ్బాను పక్కకు వంచి నీళ్లన్నీ ఓడ్చి, మొక్కలను ఒక్కొక్కటిగా పెకలించి, వేళ్లు చూసి, కుళ్లినవి అవతల పారేసింది. బాగున్నవాటిని పాత పేపరు మీద నీడలో ఆరబెట్టింది. ఆరాక పొడి ఇసుకలో నాటింది. పారేసినవే ఎక్కువ. పారేస్తూ ఒక్కొక్కదాన్నీ తిట్టింది. ఆ తిట్లలో కొన్ని నాకు కూడా కొత్త.

ఫిబ్రవరి మొదటి ఆదివారం బల్ల రోజున ఆమె చర్చికి వచ్చింది. వెనక బెంచీలో కూర్చుంది. వరసలు లేచి ముందుకు పోతుంటే కాళ్లు పక్కకు జరిపి అందరికీ దారిచ్చింది. క్లారా పోయింది. ఆమె క్షమించానని అయ్యగారికి చెప్పిందట. బ్యూలా కూర్చునే ఉంది. పాట అయ్యేదాకా పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ ఉంది. ఆ తర్వాతి నెలా అలాగే. అయ్యగారు రెండుసార్లు ఇంటికి వచ్చారు. క్లారాను క్షమాపణ అడిగితే చాలన్నారు. అడిగితే ఆమె చెంబు పట్టుకుని పైకొస్తుందని బ్యూలా చెప్పింది. అయ్యగారికి అర్థం కాలేదు. ఆయన బంగాళాదుంపలు కూడా పెంచిన మనిషి కాదు.

పై సంవత్సరం ఎండాకాలంలో మిగిలినవాటిలో ఒకటి పూసింది. మొగ్గ పడినప్పటి నుంచి బ్యూలా దాని ముందు నిలబడే కాఫీ తాగేది. విప్పారాక చూస్తే లేత గులాబీ రంగు. సంగారెడ్డి రోడ్డు పక్కన ఏ నర్సరీలో చూసినా ఉండే రంగు. ఆమె దాన్ని ఎంత తిట్టిందంటే, మధ్యాహ్నానికి ఆ పువ్వు సిగ్గుతో నల్లగా ఎర్రబడింది. అంటే, కొంచెం ముదిరింది. ఎండకు కూడా అయివుండవచ్చు.

ఆ సమయంలో క్లారా తన వైపు బట్టలు తీస్తోంది. ఇటుకల అవతల నిలబడి, ఎవరితోనూ కాకుండా ఆకాశంతో అంది:

"పువ్వు సుత అడుగంటినట్టే ఉన్నది."

బ్యూలా మిగతా మొక్కలను ఇటుకల నుంచి ఇంకొంచెం దూరం జరిపింది. అవి ఇంకా పూయలేదు. ఏ రంగు పూస్తాయో ఎవరికీ తెలియదు. అవి పూసేదాకా ఆమె రాజీకి రాదు.

ఇదంతా రాశాక, అచ్చుకు పంపేముందు న్యాయంగా ఉంటుందని ఆమెను పిలిచి చదివి వినిపించాను. మా వరండాలో నిలబడే వింది, కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలో గాజుగుడ్డ ముక్క, దారపు ఉండ ఉన్నాయి. అయిపోయాక దారం వేలికి చుట్టుకుంటూ చెప్పింది:

"ఒక్క ముక్క నిజం లేదు చిన్నాయన. నేనెన్నడు మొక్కలు పెంచలే. మా డాబా మీద ఇటుకలు లెవ్వు. మా అక్కతోని నాకు కొట్లాటే లేదు. గా పెండ్లిల బగార అన్నం మస్తు మంచిగుండె."